ఎంత గాలికి అంత పటం!

రామేశ్వరం స్టేషన్లో దిగే మనవాళ్ల చేతుల్లో ఏముంటాయి? తడిబట్టల కోసం ఓ ప్లాస్టిక్ సంచి, కాశీ నుంచి పట్టుకొచ్చిన గంగ చెంబు, దార్లో తినగా మిగిలిన పులిహోర పొట్లం. వేసవి ముదిరి నైరుతి గాలి మొదలైందంటే మాత్రం ఈ గుంపులో ఇంకో రకం జనం కలుస్తారు. ఎండకు కమిలిన మొహాలు, మోకాళ్ల దాకా నిక్కర్లు, వీపున మనిషి పట్టేంత సంచి. ఇరవై రెండు తీర్థాల్లో ఏది ముందో, ఏది వెనకో వీళ్లకు పట్టదు. హోటల్ కుర్రాణ్ని అడిగేది ఒకటే ప్రశ్న. 'ఇవాళ గాలి ఎలా ఉంది?'

వీళ్లదీ యాత్రే. కాకపోతే కొలిచేది వాయుదేవుణ్ని. వీపున ఉన్న సంచిలో ఉండేది గాలిపటం. మనం సంక్రాంతికి ఎగరేసే కాగితం పటం కాదు. గట్టి పాలిస్టర్ బట్టతో కుట్టి, అంచున ఉన్న గొట్టంలోకి పంపుతో గాలి కొట్టి నిలబెట్టే పటం. విప్పి పరిస్తే ఓ చిన్నపాటి షామియానా అంత ఉంటుంది. దాన్ని ఎగరేసి, తాళ్లను నడుముకు తగిలించుకుని, కాళ్ల కింద ఓ పలక పెట్టుకుని నీళ్లమీద జారుకుంటూ పోవడమే కైట్‌బోర్డింగ్. కైట్‌సర్ఫింగ్ అన్నా దాదాపు అదే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మొదటిసారి పతకాల ఆట అయింది. పోటీలు మార్సెయ్ తీరంలో జరిగాయి. మనదేశంలో ఈ ఆట నేర్పే చోట్లు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. వాటిలో రామేశ్వరం ఉన్న పాంబన్ దీవి ఒకటి.

నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లూ ముందుగా అడిగేది, 'నాకు ఎంత సైజు పటం కావాలి?' అని. చెప్పుల షాపులో ఎనిమిదో నంబరు ఇవ్వమన్నంత తేలిగ్గా అడిగేస్తారు. జవాబు మాత్రం అంత తేలిక కాదు. మనిషి బరువును బట్టి, గాలిని బట్టి, నీళ్ల లోతును బట్టి, ఆఖరికి ఆ మనిషికి ఉన్న భయాన్ని బట్టి కూడా మారుతుంది. చెప్పు నంబరు తప్పితే కాలు కరుస్తుంది. ఇక్కడ తప్పితే పటం మనిషిని ఎత్తి ఇసుక మీద విసిరేస్తుంది.

ఆడ కడలి, మగ కడలి

ఊళ్లోంచి ధనుష్కోడి కొస దాకా 20 కిలోమీటర్లు ఉంటుంది. 2017 వరకూ చివరి ముక్కకు రోడ్డే లేదు, ఇసుకలో జీపులే గతి. ఇప్పుడు అరిచల్‌మునై దాకా నున్నటి తారు రోడ్డు పడింది. పోనుపోను భూమి సన్నబడుతుంది. ఎడమ చేతివైపు పాక్ జలసంధి, కుడి చేతివైపు మన్నారు సింధుశాఖ. కారులో ఒక కిటికీ లోంచి ఒక సముద్రం, రెండో కిటికీ లోంచి ఇంకో సముద్రం! స్థానిక జాలర్లు పాక్ వైపు నీళ్లని ఆడ కడలి అంటారు, మన్నారు వైపు నీళ్లని మగ కడలి అంటారు. ఇది నిమ్మళంగా, లోతు తక్కువగా ఉంటుంది. అది ఎగిరెగిరి పడుతుంది. ఈ పేర్లలో న్యాయమెంతో మా ఆఫీసులోని ఆడవాళ్లని అడగాలి.

1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపాను ధనుష్కోడిని ఊడ్చిపెట్టేసింది. పాంబన్ నుంచి వస్తున్న రైలు ప్రయాణికులతో సహా కొట్టుకుపోయింది. ఆనాటి చర్చి గోడలు, స్టేషన్ శిథిలాలు ఇంకా నిలబడి ఉన్నాయి. యాత్రికులు వాటి ముందు ఫొటోలు దిగుతారు. గాలితో ఆడుకోవడానికి వచ్చే ఈ కుర్రకారు కూడా వాటిని దాటుకునే వెళ్లాలి. ఒక విధంగా ఇది మంచిదే అనిపించింది.

ఇక్కడ ఏడాదికి రెండు గాలులు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి. జాలర్లు దీన్ని కచ్చాన్ అంటారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యం నుంచి వచ్చేది వాడై. మేం వెళ్లింది జులై మూడో వారంలో. అంటే తమిళుల ఆడి మాసం. ఆడి గాలికి సన్నికల్లు కూడా ఎగిరిపోతుందని వాళ్లకో సామెత. సన్నికల్లు ఎగరడం చూళ్లేదుగానీ, టీ కొట్టు రేకు మీద పెట్టిన రాళ్లు మాత్రం గాలి ఎంత మొండిదో చెప్పాయి.

నేర్చుకునేవాళ్లకు ఈ నైరుతి గాలి నచ్చడానికి కారణం ఉంది. మన్నారు మీదుగా అడ్డూ ఆపూ లేకుండా వస్తుంది. మధ్యలో మేడలు లేవు, చెట్లు లేవు. మేడల్నీ చెట్లనీ దాటి వచ్చే గాలి చిందరవందర అవుతుంది. ఒక క్షణం తన్నుతుంది, మరుక్షణం చచ్చిపోతుంది. ఇక్కడి గాలి ఇస్త్రీ చేసినట్టు ఒకే తీరుగా వీస్తుంది. అలల్ని ఇసుకతిన్నె ఆపేస్తుంది. దాని వెనక నడుము లోతు నీళ్లు అద్దంలా పరుచుకుని ఉంటాయి. పడితే లేచి నిలబడొచ్చు. ఈత కొట్టాల్సిన పని లేదు.

ఇబ్బంది కూడా అక్కడే ఉంది. ఆ గాలి ఒడ్డు నుంచి నీళ్లలోకి తోస్తుంది. పటం తెగినా, చేతులు తేలేసినా, కొట్టుకుపోయేది ఆవలి వైపుకే. ఆవల సముద్ర సరిహద్దు రేఖ, దాని వెనక తలైమన్నారు. అందుకే ఇక్కడ పాఠం జరుగుతున్నంతసేపూ ఒక మోటారు పడవ గాలి కిందివైపున తిరుగుతూనే ఉంటుంది. పడవ లేని రోజు పాఠం లేదు. నేర్పేవాళ్లని ఎంచుకునేటప్పుడు ఫీజు ఎంతని అడగడానికి ముందు పడవ ఎక్కడుందని అడగాలి.

ఒకే గాలి... రెండు పటాలు

మేం వెళ్లిన రోజు ఇద్దరు తెలుగువాళ్లు తగిలారు. ఒకరు గుంటూరు అమ్మాయి, పళ్ల డాక్టరు కోర్సు చదువుతోంది. బరువు 52 కిలోలు. రెండోవారు హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బరువు 92. ఒకరికొకరు తెలియదు, ఇక్కడే కలిశారు. నేర్పే కుర్రాడు రామేశ్వరం జాలరి కుటుంబం వాడే. పాతికేళ్లుంటాయి. నేర్పడానికి సర్టిఫికెట్ ఉంది. కానీ గాలిని చదవడం వాళ్ల నాన్న పడవలో నేర్చుకున్నానంటాడు. పటానికి తమిళంలో కాత్తాడి అని పేరు. మూడు భాషల ముక్కలు కలిపి మాట్లాడతాడు.

చేతిలో ఇమిడే చిన్న ఫ్యాను లాంటి యంత్రాన్ని తలపైకెత్తి చూశాడు. పదహారు. అంటే 16 నాట్లు. (వరి నాట్లు కాదండోయ్! సముద్రం మీద వేగాన్ని కొలిచే నాట్లు. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. పదహారు అంటే దగ్గరదగ్గర 30 కిలోమీటర్ల వేగం.) అమ్మాయికి ఆరు మీటర్ల పటం, హైదరాబాదీకి పది మీటర్ల పటం తీశాడు.

మీటర్లు అంటే పొడుగు కాదు. పటం విప్పి నేలమీద పరిస్తే వచ్చే వైశాల్యం, చదరపు మీటర్లలో. ఆ అంకె పటం మీదే పెద్దగా అచ్చేసి ఉంటుంది. పిల్లలు ఎగరేసుకునే పటంలాంటిది ఒకటి రెండు మీటర్లు ఉంటుంది, దాన్ని ఒడ్డున నిలబడి చేయి తిరగడానికి వాడతారు. ఆటలో వాడేవి ఐదు నుంచి పదిహేడు దాకా ఉంటాయి. శిక్షణ ఇచ్చేచోట్ల ఎక్కువగా చేతులు మారేవి ఏడు, తొమ్మిది, పది, పన్నెండు.

హైదరాబాదీకి ఈ పది నచ్చలేదు. ఆయన దగ్గర సొంత పటమే ఉంది. పద్నాలుగు మీటర్లది, ఇంటర్నెట్‌లో ఎవరో అమ్మితే కొన్నారు. ఫోన్లో లెక్కేసి చూపించారు కూడా. 'చూడు తమ్ముడూ, నా బరువుకి ఈ గాలికి పదమూడు వస్తోంది. పదేం సరిపోతుంది?'

ఆయన లెక్క తప్పు కాదు. తంటా అక్కడే వచ్చింది.

రెండుంపావు సూత్రం

ఈ ఆటలో అందరూ వాడే ఓ మోటు లెక్క ఉంది. మీ బరువును కిలోల్లో తీసుకోండి. రెండుంపావుతో హెచ్చవేయండి. గాలి ఎన్ని నాట్లుందో దానితో భాగించండి. వచ్చిందే పటం సైజు. 92ని 2.25తో హెచ్చవేస్తే 207. పదహారుతో భాగిస్తే సుమారు 13. అమ్మాయికి ఇదే లెక్కన ఏడు మీటర్ల చిల్లర. మామూలు 70 కిలోల మనిషికైతే పది మీటర్లకు కాస్త తక్కువ. గాలి 20 నాట్లకు పెరిగిందా, అదే 70 కిలోల మనిషికి ఎనిమిది చాలు.

ఒక్కమాట. పటాల కంపెనీలు పెట్టె మీద వేసే పట్టికలు సాధారణంగా 75 కిలోల మనిషిని దృష్టిలో పెట్టుకుని వేసినవి. మన అమ్మాయిలు చాలామంది దానికి ఇరవై కిలోలు ఇవతలే ఉంటారు. పట్టికలో ఈ గాలికి పన్నెండు అని ఉందని పన్నెండు పట్టుకుంటే పటం ఈడ్చుకుపోతుంది. అలాగే ఆ పట్టికలు చాలావరకు చలిదేశాల్లో తయారవుతాయి. చల్లటి గాలి బరువు, వేడి గాలి తేలిక. పది డిగ్రీల చలిలో వీచే గాలికీ, రామేశ్వరంలో ముప్ఫై దాటిన ఎండలో వీచే గాలికీ ఏడెనిమిది శాతం తేడా ఉంటుంది. వేగం ఒకటే అయినా తోపు తగ్గుతుంది. ఐరోపాలో తొమ్మిదితో ఆడినవాడు ఇక్కడ కాస్త పెద్దది అడగడం అందుకే.

మరి హైదరాబాదీకి పదెందుకు? ఈ సూత్రం ఆట వచ్చినవాడిది. పలక మీద లేచి నిలబడ్డవాడిది. వాడు పలక అంచును నీళ్లలోకి నొక్కి పట్టాన్ని నిలువరించగలడు, ఎడ్లబండివాడు పగ్గం బిగించినట్టు. కొత్తవాడి కాళ్ల కింద పలకే ఉండదు. మొదటి రెండు మూడు పాఠాలూ పటాన్ని తలపైన నిలబెట్టడం, దాని వెనక నీళ్లలో బోర్లా పడుకుని ఈడ్పించుకోవడం, అంతే. నిలువరించడానికి ఆధారం లేదు. పటం ఎంత లాగితే అంతా ఒంటిమీదే.

కుర్రాడు ఇసుక మీద కర్రతో ఒక అర్ధచంద్రం గీశాడు. దాన్ని గడియారం అనుకోమన్నాడు. సరిగ్గా నడినెత్తిన పన్నెండు గంటలు. ఎడమ అంచున తొమ్మిది, కుడి అంచున మూడు. గాలికి వీపు పెట్టి నిలబడితే పటం ఈ అర్ధచంద్రం అంచుల్లో ఉన్నంతసేపూ సాధువులా ఉంటుంది. పట్టు తప్పి నడిమధ్యలోకి, అంటే మన ఛాతీకి ఎదురుగా దిగిందా, బలమంతా ఒక్కసారి చూపిస్తుంది. ఆట వచ్చినవాడు కావాలని దించుతాడు, ఆ ఊపుతోనే పలక మీదికి లేస్తాడు. రానివాడి చేతిలో అదే దిగుతుంది, వాడికి చెప్పకుండా!

ఇక్కడ మనిషి స్వభావం కూడా అడ్డం వస్తుంది. పటానికి నాలుగు తాళ్లు. ఇరవై మీటర్ల పైచిలుకు పొడుగు. ముందు రెండూ నడుముకు, వెనక రెండూ చేతిలోని కడ్డీ కొసలకు. కడ్డీని ఒంటివైపు లాక్కుంటే పటం బలం పెరుగుతుంది. వదిలేస్తే బలం పోతుంది. మరి భయం వేసినప్పుడు మనమేం చేస్తాం? చేతిలో ఉన్నదాన్ని గట్టిగా దగ్గరికి లాక్కుంటాం. బస్సు కుదుపుకు కడ్డీ పట్టుకున్నట్టు. అంటే ఎప్పుడైతే పటం అదుపు తప్పుతోందో సరిగ్గా అప్పుడే ఇంకాస్త బలం ఇస్తాం. 'విడు, విడు' అని ఆ కుర్రాడు ఆ పూట ఎన్నిసార్లు అరిచాడో లెక్కలేదు. తమిళంలోనూ తెలుగులోనూ అర్థం ఒకటే కావడం మనవాళ్ల అదృష్టం.

ఇవన్నీ కలిపి, నేర్చుకునేవాడికి సూత్రం చెప్పినదాని కంటే ఒకటి రెండు మీటర్లు తగ్గించి ఇస్తారు. పెద్ద ఒళ్లయితే మూడు కూడా తగ్గిస్తారు. పలక మీద లేవడం మొదలయ్యాక మళ్లీ పెంచుతారు. హైదరాబాదీకి ఇవాళ పది. ఎల్లుండి ఇదే గాలి ఉంటే పన్నెండు.

గాలి పెంపులో మెలిక

'రెండు మీటర్ల తేడాకి ఇంత రాద్ధాంతమా?' అని ఆయన గొణుక్కున్నారు. రాద్ధాంతమే. ఎందుకంటే గాలి తోపు దాని వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. పన్నెండు నాట్ల గాలి ఇరవై నాలుగు అయితే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు. పదహారు కాస్తా ఇరవై అయిందనుకోండి, నాలుగు నాట్లే కదా అనిపిస్తుంది. తోపు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఉదయం తొమ్మిదింటికి పదహారున్న గాలి పదకొండింటికి ఇరవై కావడం ధనుష్కోడిలో వింతేమీ కాదు. అప్పుడు 92 కిలోల మనిషికి సూత్రం చెప్పేదే పది. పద్నాలుగుతో నీళ్లలో ఉన్నవాడు ఏం చేస్తాడు?

అందుకే యంత్రం చూపే అంకెను ఒక్కసారి చూసి ఊరుకోరు. పది నిమిషాలు చూస్తారు. గాలి తక్కువలో ఎంత, ఎక్కువలో ఎంత, రెండింటి మధ్య తేడా ఎంత. పటం ఎంచేది ఎక్కువ అంకెను బట్టి. యంత్రం లేకపోయినా పర్లేదు, సముద్రమే చెబుతుంది. నీళ్ల మీద అక్కడక్కడ తెల్లటి నురగ పూలు విచ్చుకుంటే పది నాట్ల దరిదాపుల్లో ఉన్నట్టు. ఎటు చూసినా తెల్లగా ఉంటే పదిహేను. చిన్న చెట్లు మొదలంటా ఊగుతుంటే ఇరవైకి వచ్చినట్టే. కొత్తవాళ్లకు పన్నెండు నుంచి పద్ధెనిమిది దాకా మంచి గాలి. అంతకు తగ్గితే పటం నీళ్లలో పడి మళ్లీ లేవదు. పెరిగితే పాఠం కంటే భయం ఎక్కువ.

మరీ చిన్నదైతే?

ఇదంతా విన్న గుంటూరు అమ్మాయికి ఇంకో అనుమానం వచ్చింది. 'అయితే నాకు ఆరు కూడా వద్దు, నాలుగివ్వండి' అంది. వాళ్లమ్మకు ఫోన్లో 'చిన్న పటమేనమ్మా' అని చెప్పి ఒప్పించింది మరి.

అదీ కుదరదు. పటం చిన్నదయ్యేకొద్దీ చురుకెక్కువ. నాలుగైదు మీటర్ల పటం కందిరీగలా తిరుగుతుంది. కడ్డీని ఇంత కదిపితే అంత తిరుగుతుంది. కొత్తవాళ్ల చేయి ఎప్పుడూ అవసరానికి మించే కదుపుతుంది. సర్దుకునేలోగా నీళ్లలో గుచ్చుకుంటుంది. పెద్ద పటం ఎద్దుబండి లాంటిది. నిదానంగా మళ్లుతుంది, ఆలోచించుకోవడానికి ఓ క్షణం ఇస్తుంది. కాకపోతే ఒకసారి తప్పుదారి పట్టిందంటే వెనక్కి తిప్పడం కూడా అంతే నిదానం. రెండోది, చిన్నదానితో పలక మీదికి లేవడానికి బలం చాలదు. లేవలేక, లేవలేక, రెండు రోజులు ఉప్పునీళ్లు తాగి 'ఈ ఆట నాకు రాదు' అని వెళ్లిపోయేవాళ్లు ఉన్నారట. వాళ్లకు రాకపోవడం కాదు, పటం చాలకపోవడం. సన్నటి అమ్మాయిలకూ పిల్లలకూ ఇది ఎక్కువ జరుగుతుంది. జాగ్రత్త పేరుతో మరీ చిన్నది అంటగడతారు. నిజానికి ఆరు మీటర్లు ఈ అమ్మాయికి ఆ పూట సరిగ్గా అతికింది. మూడో రోజు ఏడిచ్చారు.

పటం పెంచకుండా ఇంకో ఉపాయం కూడా ఉంది. పలక పెద్దది ఇవ్వడం. పలక వెడల్పుగా, పొడుగ్గా ఉంటే తక్కువ బలానికే నీళ్లపైన తేలుతుంది. అందుకే నేర్పేచోట ఉండే పలకలు తలుపు చెక్కల్లా ఉంటాయి. చూడ్డానికి మోటుగా ఉన్నాయని కొత్తవాళ్లు మొహం చిట్లిస్తారు. ఆ చెక్కే వాళ్లని లేపేది.

సంచిలోని పద్నాలుగు

హైదరాబాదీ సంచి విప్పించి చూశాడు ఆ కుర్రాడు. సైజు సంగతి పక్కన పెడితే, అసలు చిక్కు దాని వయసు. బట్ట రంగు వెలిసి, గోటితో గీకితే పొడి రాలేలా ఉంది. అది పాతకాలపు 'సి' ఆకారం పటం.

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పుకోవాలి. నీళ్లలో పడినా మళ్లీ లేచే పటం కోసం ఫ్రాన్సులోని బ్రిటనీ తీరానికి చెందిన లెగెన్యూ అన్నదమ్ములు తంటాలు పడ్డారు. పటం అంచుకు గాలి నింపిన గొట్టం పెట్టాలన్న ఆలోచన వాళ్లదే. 1984లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. పదేళ్లపాటు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1990ల చివర్లో హవాయి దీవుల్లో ఆట ఊపందుకున్నాక ఆ పటాలకు గిరాకీ వచ్చింది. అవన్నీ ఇంగ్లిష్ 'సి' అక్షరంలా వంగి ఉండేవి. కడ్డీ వదిలినా వాటి బలం కొంతే తగ్గేది. పెద్ద గాలి తగిలితే పటంతోపాటు పోవడమే. ఆ రోజుల్లో జరిగిన ప్రమాదాలు ఈ ఆటకు చెడ్డపేరు తెచ్చాయి. 2005 ప్రాంతంలో విల్లులా చదునుగా పరుచుకునే పటాలు వచ్చాయి. దాని వెనకా ఆ అన్నదమ్ముల్లో ఒకరైన బ్రూనో ఉన్నాడు. వీటితో కడ్డీ వదిలితే బలం దాదాపు మొత్తం పోతుంది. మన పిల్లలు గాలి ఎక్కువైనప్పుడు పటానికి తోక కట్టి నెమ్మదింపజేస్తారే, అలాంటి సదుపాయం అనుకోండి. ఒకే పటం ఇటు పన్నెండు నాట్లకూ అటు ఇరవైకీ పనికొచ్చేది అప్పట్నుంచే. ఇప్పటి పటాలకు ఇంకో రక్షణ కూడా ఉంది. నడుము దగ్గర ఎర్రటి పిడి. దాన్ని తోస్తే పటం ఒకే తాడు మీద జెండాలా వాలిపోతుంది. మొదటిరోజు పాఠంలో సగంసేపు కళ్లు మూసుకుని ఆ పిడిని తడిమి పట్టుకోవడమే నేర్పారు.

పాత 'సి' పటాలు ఇప్పటికీ మహా చవగ్గా దొరుకుతాయి. కొత్త పటం ఒక్కటే లక్ష రూపాయలు దాటుతున్నప్పుడు ఇరవై వేలకు వస్తోందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. అమ్మేవాళ్లు 'నేర్చుకునేవాళ్లకు ఇది బాగుంటుంది' అని రాస్తారు. నా మటుకు నాకు, ఇంతకు మించిన అబద్ధం ఈ వ్యాపారంలో లేదనిపించింది. చేయి తిరిగినవాడు సరదాకి 'సి' పటం ఎగరేస్తే ఎగరేసుకోనీ. కొత్తవాడికి అది కళ్లెం లేని గుర్రం.

కుర్రాడు పద్నాలుగును మళ్లీ మడిచి సంచిలో పెట్టాడు. 'సార్, ఇది నీళ్లలోకి వద్దు' అన్నాడు. హైదరాబాదీ మొహం మాడ్చుకున్నారు. 'నా పటం, నా ఇష్టం' అన్నారు. కుర్రాడు వాదించలేదు. మోటారు పడవ నడిపే వాళ్ల అన్నని పిలిచి, ఈ సార్ సొంత పటంతో దిగుతారట, మనకేం బాధ్యత లేదని ఒక్కమాట చెప్పాడు. ఆ అన్న తల అడ్డంగా ఊపి, ఇంజిను ఆపేసి, పడవ ఒడ్డుకు చేర్చి బీడీ వెలిగించుకున్నాడు. పడవ ఒడ్డున, మనం నీళ్లలో అన్నమాట. ఆయన చాలాసేపు ఆవలి వైపు చూశారు. తర్వాత వచ్చి పది మీటర్ల పటం తాళ్లు పట్టుకున్నారు.

కొనేటప్పుడు

పాఠం మొత్తం తొమ్మిది నుంచి పన్నెండు గంటలు పడుతుంది. రోజుకు మూడు గంటల చొప్పున నాలుగు రోజులు అనుకోండి. ఈ లోపల సొంత పటం కొనక్కర్లేదు, కొనకూడదు కూడా. అద్దె పటాల మీద ఏడు, తొమ్మిది, పన్నెండు తిప్పి చూస్తేనే ఒంటికి ఏది పడుతుందో తెలుస్తుంది. ఆ తర్వాత కూడా మొదట ఒక్కటే కొనండి. ఎక్కడ ఆడబోతున్నారో అక్కడ ఎక్కువ రోజులు వీచే గాలికి సరిపడేది. రామేశ్వరం నైరుతి గాలికి 70 కిలోల మనిషికి తొమ్మిది మీటర్లది చాలా రోజులు పనికొస్తుంది. రెండోది కొంటే దానికి రెండు మూడు మీటర్ల దూరంలో ఉండాలి. తొమ్మిది ఉన్నవాడు పది కొనడం దండగ, రెండూ ఒకే గాలికి పనికొస్తాయి. గాలి మందగించిన రోజుకు పన్నెండో, ముదిరిన రోజుకు ఏడో కొనాలి.

వాడినది కొనేట్టయితే గొట్టాల్లో గాలి కొట్టి ఒక పూట వదిలేసి చూడాలి. సాయంత్రానికి మెత్తబడితే ఎక్కడో కారుతోందన్నమాట. బట్ట కాగితంలా గరగరమనాలి, పాత చొక్కాలా మెత్తగా వేలాడకూడదు. కడ్డీ, తాళ్లు పటంతోపాటు వచ్చినవేనా అని అడగాలి.

ఇంకో సంగతి, ఆడేవాళ్లకు కాదు, చూసేవాళ్లకు. ధనుష్కోడి వచ్చే మనవాళ్లు ఆకాశంలో రంగుల పటాలు కనపడగానే సెల్‌ఫోన్లు తీసి నేరుగా వాటి కిందికే వెళ్లిపోతారు. ఆ తాళ్లు మాంజా కంటే ప్రమాదం. పటం వాలే వైపు కనీసం యాభై మీటర్లు ఎవరూ ఉండకూడదు. ఫొటో తీయాలంటే గాలి వచ్చేవైపు, ఆడేవాడి వీపు వెనక నిలబడండి. ఫొటో కూడా అక్కణ్నుంచే బాగా వస్తుంది.

మూడో రోజు గాలి పదిహేడుకు వచ్చింది. గుంటూరు అమ్మాయి ఏడు మీటర్ల పటాన్ని పదకొండు గంటల చోటు నుంచి ఒక్క విసురుతో ఒంటిగంట వైపు దించి, తలుపు చెక్క మీద లేచి నిలబడింది. ఓ ఇరవై గజాలు పోయిందో లేదో దభీమని పడింది. పైకి లేచి మొదట చేసిన పని కడ్డీ వదిలేయడం. పటం బుద్ధిగా అంచుకు చేరి ఆగింది. హైదరాబాదీ ఆ పూట పన్నెండు అడిగారు. కుర్రాడు యంత్రం పైకెత్తి పది నిమిషాలు చూశాడు. పదిహేడు, పంతొమ్మిది, పదిహేడు, ఇరవై. 'పదే సార్' అన్నాడు. ఆయన ఈసారి ఫోన్ తీయలేదు.

పద్నాలుగు మీటర్ల సంచి మాత్రం ఇంకా ఆ పాకలోనే మూలన ఉంది. ఆటోలో వేసుకెళ్లడం దండగని వదిలేసి వచ్చారట. బట్ట గట్టిగా ఉన్నంతమేర కోసి, ఎండకు పడవ మీద పందిరి వేసుకుంటానని మోటారు పడవ అన్న అడిగాడు. ఇంకా ఇచ్చారో లేదో!